కావలి ఎండకు ఏసీ లేని ఇల్లు: ఇటుక కంటే ముందు కప్పు సంగతి తేల్చుకోండి

మీరు అడిగింది ఇది. కావలి దగ్గర ఐదు సెంట్ల స్థలంలో ఒక అంతస్తు ఇల్లు కట్టుకుంటున్నారు. అమ్మానాన్నలు పగలంతా ఇంట్లోనే ఉంటారు, వాళ్ళకు ఏసీ పడదు. గోడలకు ఏఏసీ బ్లాకులు (లోపల గాలి బుడగలుండే తేలికపాటి సిమెంటు బ్లాకులు) వాడాలా, ఫ్లైయాష్ (థర్మల్ కేంద్రం బూడిద) ఇటుకలా, మట్టి ఇటుకలా? ఏది వాడితే ఇల్లు చల్లగా ఉంటుంది? శ్లాబు కింద పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) సీలింగ్ వేయిస్తే చాలని మేస్త్రి అంటున్నారు, నమ్మవచ్చా?

ముందు సూటిగా జవాబు చెబుతాను. ఒక అంతస్తు ఇంట్లోకి వేడి అన్నిటికంటే ఎక్కువగా కప్పులోంచి దిగుతుంది, ఆ తరువాత పడమటి గోడలోంచి. ఏ ఇటుక అన్నది మూడో ప్రశ్న. ఖరీదైన బ్లాకులతో నాలుగు గోడలూ కట్టి శ్లాబును ఉత్తగా వదిలేస్తే మే నెలలో మీ అమ్మానాన్నలకు మిగిలేది ఉక్కపోతే. మామూలు ఫ్లైయాష్ ఇటుకతో కట్టి, ఆ మిగిలిన డబ్బు శ్లాబు పైన పెట్టండి, కింద కాదు. పీఓపీ సీలింగ్ చాలదు.

నేను ఒంగోలులో ఉంటూ సింగరాయకొండ, ఉలవపాడు, కావలి వైపు తీరపు ఊళ్ళలోనూ, దర్శి, పొదిలి వైపు మెట్ట ఊళ్ళలోనూ చాలా కాలంగా ఇళ్ళు కట్టిస్తున్నాను. ఈ రెండు చోట్లా ఎండ ఒకటే అనిపిస్తుంది కానీ కట్టుబడి ఒకటి కాకూడదు. ఆ సంగతి తరువాత చెబుతాను. ముందు కప్పు.

కావలి భూమధ్యరేఖకు ఉత్తరంగా దాదాపు 15 డిగ్రీల మీద ఉంది. ఏప్రిల్ నెలాఖరుకు మధ్యాహ్నపు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. అక్కడి నుంచి ఆగస్టు రెండో వారం దాకా మధ్యాహ్న వేళ మనకు కొంచెం ఉత్తరం వైపునే ఉంటాడు. అంటే ఎండ తీవ్రంగా ఉండే నెలల్లో దక్షిణపు గోడ మీద ఎండ పడదనే చెప్పాలి. దక్షిణం వైపు మూడడుగుల సజ్జ పోయించి, పడమర వైపు అడుగున్నర సజ్జతో సరిపెట్టే ప్లానులు నా దగ్గరకు ఇప్పటికీ వస్తుంటాయి. వేసవికి అది తలకిందుల లెక్క.

మే నెలలో మబ్బు లేని మధ్యాహ్నం చదరపు మీటరు కప్పు మీద దాదాపు 900 వాట్ల ఎండ పడుతుంది. వెయ్యి చదరపు అడుగుల శ్లాబు అంటే 93 చదరపు మీటర్లు, మొత్తం దాదాపు 84 కిలోవాట్లు. పాతబడి నల్లబడిన సిమెంటు శ్లాబు అందులో మూడింట రెండు వంతులు పీల్చుకుంటుంది. శుభ్రంగా ఉన్న తెల్లని కప్పు పావు వంతు పీల్చుకుంటుంది. పీల్చుకున్న వేడిలో చాలా భాగం మళ్ళీ గాలికే పోతుంది, మిగిలింది శ్లాబులోకి దిగుతుంది. ఐదంగుళాల కాంక్రీటు దాటి ఆ వేడి గది వైపు చేరడానికి మూడు నాలుగు గంటలు పడుతుంది. అందుకే సాయంత్రం ఏడు గంటలకు బయట గాలి హాయిగా ఉన్నా గదిలో సెగ తగ్గదు. ఫ్యాను వేస్తే పైనున్న వేడి గాలే కిందికి వస్తుంది.

పీఓపీ సీలింగ్ ఎందుకు చాలదో ఇప్పుడు తెలిసిపోతుంది. శ్లాబు వేడెక్కడం అది ఆపదు. వేడెక్కిన శ్లాబు సీలింగును వేడెక్కిస్తుంది, సీలింగు గదిని వేడెక్కిస్తుంది. కొంత ఆలస్యం, కొంత తగ్గుదల, అంతే. పైగా గది ఎత్తులో దాదాపు అడుగు పోతుంది, ఫ్యాను తల మీదికి దిగుతుంది. ఇంకో నష్టం కూడా ఉంది. శ్లాబు పగలు వ్యాకోచించి రాత్రి సంకోచిస్తుంది. గోడకూ శ్లాబుకూ నడుమ అడ్డంగా వచ్చే పగుళ్ళకూ, ఆ పగుళ్ళలోంచి వాన నీరు కారడానికీ ఇదొక ముఖ్య కారణం. ఎండను శ్లాబు పైనే ఆపితే ఈ లాగులాట తగ్గి శ్లాబు కూడా ఎక్కువ కాలం నిలుస్తుంది.

పైన ఏం చేయాలి? నా అనుభవంలో పనికొచ్చే దారులు మూడు.

మొదటిది తెలుపు. అన్నిటికంటే చౌక సున్నం. గుల్ల సున్నమైనా రాతి సున్నమైనా సరే, రాత్రంతా నానబెట్టి, వడగట్టి, బంక కలిపి, ఫిబ్రవరి నెలాఖరుకు రెండు పూతలు వేయించండి. మొదటి పూత నిలువుగా, రెండోది అడ్డంగా. సాయంత్రం పూట వేసి మరునాడు కాస్త తడుపుతూ ఉంటే బాగా పడుతుంది. వానలకు పోతుంది కాబట్టి ఏటా వేయాల్సిందే. అది భారమనుకుంటే తెల్ల టైలు ముక్కలు పరిపించండి. టైల్స్ దుకాణాల్లో విరిగిన తెల్ల టైల్స్ తక్కువకు దొరుకుతాయి. వాటం సరిగ్గా పెట్టి, సందులు తెల్ల సిమెంటుతో నింపితే చాలా ఏళ్ళు చూసుకోనక్కర లేదు. పిట్టగోడ లోపలి వైపు కూడా తెలుపు వేయడం మరవకండి. గది లోపల రెండు మూడు డిగ్రీల తేడా మామూలుగానే కనిపిస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని కప్పులకు ప్రత్యేక విధానమే తెచ్చింది. మన ఎండకు అలాంటిది ఆంధ్రప్రదేశ్‌లోనూ రావాలని నేను గట్టిగా కోరుకుంటాను.

సింగరాయకొండలో ఒక విశ్రాంత ఉపాధ్యాయ దంపతులు మేడ మీద గదికి వేసవంతా తాళం వేసి ఉంచేవారు. పైన తెల్ల టైలు ముక్కలు పరిపించి, పడమటి కిటికీకి వెదురు తడిక కట్టించాం. ఇంకేమీ చేయలేదు. మరుసటి వేసవి సెలవుల్లో మనవలు ఆ గదిలోనే గడిపారు. అయితే తెలుపు దుమ్ము పడితే పనిచేయదు. రోడ్డు పక్క ఇల్లయితే వేసవిలో నెలకోసారైనా చీపురు పెట్టి కడగాలి. పక్కన మీకంటే ఎత్తైన ఇల్లు ఉంటే వాళ్ళ కిటికీలోకి మిరుమిట్లు కొడుతుంది, ముందే ఒక మాట చెప్పి ఉంచండి.

రెండోది శ్లాబు పైన వేడిని అడ్డుకునే పొర. మీరు కొత్తగా కడుతున్నారు కాబట్టి ఇది ఇప్పుడే చేయించుకోవచ్చు. శ్లాబు మీద ముందు నీరు దిగకుండా పూత, దాని మీద రెండంగుళాల ఎక్స్‌పీఎస్ షీట్లు, వాటి మీద సన్నని కాంక్రీటు, ఆపైన తెల్ల టైల్స్. ఎక్స్‌పీఎస్ అంటే గట్టి ఫోము పలక, ప్యాకింగుకు వాడే థర్మోకోల్ కాదు. అంతకంటే గట్టిగా ఉంటుంది, నీరు పీల్చదు, మనుషులు తిరిగినా అణగదు. కేంద్ర ప్రభుత్వం 2018లో ఇళ్ళ కోసం తెచ్చిన ఎకో నివాస్ సంహిత ప్రకారం కప్పు యు-విలువ 1.2 మించకూడదు. వేడి ఎంత సులువుగా లోపలికి దిగుతుందో చెప్పే కొలత అది. ఉత్త శ్లాబుకు అది మూడుకు పైనే ఉంటుంది. రెండంగుళాల షీటుతో 0.6 దగ్గరకు వస్తుంది. ఇంత తేడా గోడకు ఏ ఇటుక వాడినా రాదు.

షీట్లు వద్దనుకునేవారు మట్టి కుండలను బోర్లించి పేర్చి, సందుల్లో సున్నం, ఇటుక ముక్కల కాంక్రీటు నింపించవచ్చు. కుండలోని గాలి వేడిని ఆపుతుంది. మంచి పద్ధతే, ఊళ్ళో కుమ్మరులకు పని కూడా. కానీ బరువు ఎక్కువ, శ్లాబు డిజైను చేసే ఇంజనీరుకు ముందే చెప్పాలి. ఇల్లు పూర్తయ్యాక వచ్చే ఆలోచన కాదిది.

మూడోది నీడ. కప్పు మీద ఎండే పడకపోతే మిగతా లెక్కలతో పని తక్కువ. డాబా మీద తాటాకు పందిరి, దొండ, చిక్కుడు తీగలు, పచ్చ నెట్టు, ఏదైనా పనిచేస్తుంది. ఒకటే షరతు, నీడకూ శ్లాబుకూ మధ్య గాలి ఆడాలి. ఈ రోజుల్లో నేను ఎక్కువగా చెప్పేది సోలార్ పలకలు. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల రాయితీ ఉంది. మూడు కిలోవాట్ల పలకలు పెట్టడానికి సుమారు 300 చదరపు అడుగుల కప్పు కావాలి. వాటిని అమ్మానాన్నల పడకగది మీదికి వచ్చేలా పెట్టించండి. కరెంటు కరెంటే, నీడ నీడే. అయితే మనది తుపాను తీరం. 1989 నవంబరులో తుపాను దాటింది కావలి దగ్గరే. పలకల ఫ్రేము కాళ్ళు శ్లాబు మీద నాలుగు బోల్టులతో నిలబెట్టి పోయేవాళ్ళను ఒప్పుకోకండి. శ్లాబు పోసేటప్పుడే ఆ కాళ్ళకు పెడస్టళ్ళు, అంటే కాంక్రీటు దిమ్మెలు పోయించుకోండి.

సాయంత్రం డాబా మీద నీళ్ళు చల్లడం గురించి కూడా అడుగుతుంటారు. పనిచేస్తుంది, నీరు ఆవిరైపోతూ శ్లాబు వేడిని తీసుకుపోతుంది. కానీ తీరం వైపు బోరు నీళ్ళలో ఉప్పు ఎక్కువ. నీరు ఆవిరవుతుంది, ఉప్పు మిగిలిపోయి పగుళ్ళలోకి దిగి లోపలి ఇనుమును తినేస్తుంది. మీ బోరు ఉప్పగా ఉంటే ఈ పని చేయకండి.

ఇక పడమటి గోడ. ఇక్కడ వాస్తు సంగతి మాట్లాడక తప్పదు. మన దగ్గర పెద్ద పడకగది నైరుతి మూలే ఉండాలంటారు. మధ్యాహ్నం రెండు నుంచి ఆరు దాకా ఏటవాలు ఎండ ఆ గది పడమటి గోడను కాస్తుంది. తొమ్మిదంగుళాల ఇటుక గోడ ఆ వేడిని ఆరేడు గంటలు దాచుకుని సరిగ్గా పడుకునే వేళకు లోపలికి వదులుతుంది. నేను వాస్తు వదులుకోమని ఎవరికీ చెప్పను, చెప్పినా పెద్దవాళ్ళు ఒప్పుకోరు. దానిలోనే దారి వెతుక్కోవచ్చు. మెట్లు, బాత్రూము, స్టోరు గది పడమర వైపు పెట్టడానికి చాలామంది సిద్ధాంతులు అభ్యంతరం చెప్పరు. వాటిని పడకగదికి పడమర పక్కగా తెచ్చి ఎండకు అడ్డుపెట్టండి. అది కుదరకపోతే ఆ ఒక్క గోడను రెండు పొరలుగా, మధ్యలో రెండంగుళాల ఖాళీ వదిలి కట్టించండి. లేదా ఆ గోడ వరకే ఎనిమిదంగుళాల ఏఏసీ బ్లాకు వాడండి. బయట తెలుపు లేదా లేత రంగు వేయండి.

దయచేసి ముందు భాగం అందం కోసం పడమటి గోడకు నల్ల గ్రానైట్ అతికించకండి. చీమకుర్తి మన పక్కనే ఉంది, రాయి అందంగా ఉంటుంది, అందరూ అతికిస్తున్నారు. ఒంగోలులో అలాంటి ఒక ఇంటికి వెళ్ళి రాత్రి తొమ్మిదింటికి లోపలి గోడ మీద చెయ్యి పెట్టి చూస్తే వెచ్చగా తగిలింది. ఆ ఇంటివాళ్ళు ఆ గదిలో ఏసీ రాత్రంతా ఆపలేకపోతున్నారు. గ్రానైట్ మీద ఇష్టముంటే వంటగట్టుకు, మెట్లకు వాడుకోండి.

స్థలం ఉంటే పడమర వైపు ఒక కానుగ చెట్టు నాటండి. ఇంటికి పన్నెండు పదిహేను అడుగుల దూరంలో పెట్టాలి. నల్లరేగడి నేలయితే ఇంకా దూరం, వేళ్ళు తేమ లాగితే ఆ నేల కుంగి పునాది కదులుతుంది.

ఇప్పుడు ఇటుకలు. ఉష్ణవాహకత, అంటే వేడిని పంపే గుణం లెక్కలో ఏఏసీ 0.2 లోపు, కాల్చిన ఇటుక 0.6 నుంచి 0.8 దాకా ఉంటుంది. అంటే ఒకే మందంలో ఏఏసీ దాదాపు నాలుగో వంతు వేడినే పంపుతుంది. ఏసీ వేసి తలుపులు మూసుకునే ఇంటికి ఇది పెద్ద లాభం. మీ ఇంట్లాగా కిటికీలు తీసి గాలి మీద ఆధారపడే ఇంటికి లాభం తక్కువ, ఎందుకంటే బయటి గాలి ఎటూ లోపలికి వస్తూనే ఉంటుంది. ఏఏసీ బలం తక్కువ కాబట్టి పిల్లర్లు, బీములు తప్పనిసరి. నీరు పీల్చే గుణం ఎక్కువ. మన ఈశాన్య రుతుపవనం వాన ఏటవాలుగా గోడను కొడుతుంది, బయటి ప్లాస్టరు నాసిగా ఉంటే తేమ లోపలికి వస్తుంది. బ్లాకుకూ పిల్లరుకూ కలిసే చోట ఇనుప జాలీ కొట్టి ప్లాస్టరు చేయకపోతే పగులు ఖాయం. ఈ పని తెలిసిన మేస్త్రి దొరికితేనే ఏఏసీకి వెళ్ళండి.

ఫ్లైయాష్ ఇటుక చల్లదనంలో కాల్చిన ఇటుకకు అటూ ఇటూగా ఉంటుంది. అది చల్లగా ఉంటుందని అమ్మేవాళ్ళు చెప్పే మాట నమ్మకండి. నేను దాన్ని మెచ్చుకునేది వేరే కారణానికి. కృష్ణపట్నం దగ్గర నేలటూరులో థర్మల్ కేంద్రం ఉంది, బూడిద మీ జిల్లాలోనే పుడుతోంది. అది ఇటుకగా మారితే పొలాల పైమట్టి మిగులుతుంది, బట్టీలో కట్టెలు, బొగ్గు కాల్చే పని ఉండదు. వరి పండే నేలల పైమట్టిని తవ్వి బట్టీలకు తోలడం చూస్తే నాకు చాలా బాధ కలుగుతుంది. ఆ మట్టి మళ్ళీ అంత త్వరగా రాదు. కొనేటప్పుడు ఇటుక పోసి కనీసం మూడు వారాలు తడిపారో లేదో కనుక్కోండి. రెండు ఇటుకలను కొడితే ఖంగుమనాలి. అంచులు గోటికి రాలితే ఆ లారీని వెనక్కి పంపండి.

మీరన్న మట్టి ఇటుక కాల్చనిదయితే, అంటే ఐదు శాతం వరకు సిమెంటు కలిపి యంత్రంతో నొక్కినదయితే, నాకు చాలా ఇష్టమైన పదార్థం అది. పుదుచ్చేరి పక్కన ఆరోవిల్‌లో దశాబ్దాలుగా వాటితో కడుతున్నారు, తుపాను తీరంలోనే. కానీ ఇసుక పాలు ఉన్న ఎర్రమట్టి కావాలి. నల్లరేగడితో ఈ ఇటుక చేయకండి, ఎండితే పగులుతుంది. కందుకూరు వైపు ఒక ఇంటికి వీటిని వాడాం. పునాది పైన రెండున్నర అడుగులు రాతి కట్టుబడి, చుట్టూ మూడడుగుల చూరు పెట్టాం. గోడలు వానలను తట్టుకుని నిలిచాయి. చూరు లేకుండా మట్టి గోడ కడతామంటే నేను వద్దనే అంటాను.

ఫిల్లర్ శ్లాబు గురించి అడిగేవారికి ఒక మాట. లారీ బేకర్ కేరళలో చేసి చూపించిన పద్ధతి అది. శ్లాబు కింది భాగంలో పనికిరాని కాంక్రీటు బదులు పెంకులు పెట్టడం. సిమెంటు, ఇనుము ఆదా అవుతాయి, అది నిజమైన లాభం. చల్లదనం మాత్రం కొద్దిగానే వస్తుంది, పైన తెలుపు తప్పదు.

సిమెంటు విషయంలో మీ తీరానికి పీఎస్‌సీ, అంటే ఉక్కు కొలిమి తెట్టు కలిపిన స్లాగ్ సిమెంటు మంచిది. ఉప్పును బాగా తట్టుకుంటుంది, బట్టీలో కాల్చి చేసే క్లింకరు తక్కువ కాబట్టి కాలుష్యమూ తక్కువ. బోరు నీళ్ళను పరీక్ష చేయించండి. ఇనుము ఉన్న కాంక్రీటుకు వాడే నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించకూడదని ఐఎస్ 456 ప్రమాణం చెబుతోంది. మించితే ట్యాంకరు నీళ్ళే తెప్పించుకోండి, క్యూరింగుకు కూడా.

గాలి సంగతి తీరానికీ మెట్టకూ వేరన్నాను. పొదిలి, దర్శి వైపు గాలి పొడి. అక్కడ మందపాటి గోడలు కట్టుకుని, పగలు కిటికీలు మూసి, రాత్రి తెరవాలి. తీరంలో ఉక్క ఉంటుంది, చెమట ఆరాలంటే ఒంటికి గాలి తగలాలి. కావలిది ఈ రెండింటి నడిమి స్థితి. మే నెలలో ఉదయం తొమ్మిది దాటాక పడమటి వడగాలి లేస్తుంది, మధ్యాహ్నం తరువాత సముద్రపు గాలి తూర్పు నుంచి వస్తుంది. పడమటి గాలి బలంగా ఉన్న రోజు సముద్రపు గాలి లోపలికి రాలేదు, భరించలేని రోజులు అవే. కాబట్టి పడమటి కిటికీలకు గట్టిగా మూసుకునే చెక్క రెక్కలు, తూర్పు, ఆగ్నేయం వైపు పెద్ద కిటికీలు పెట్టుకోండి. తూర్పు నుంచి వచ్చిన గాలి పడకగది దాటి బయటికి పోయే దారి ఉండాలి. దారి లేని గాలి లోపలికి రాదు. పైన వెంటిలేటర్లు పెట్టడం మానేశారు ఈ మధ్య, మీరు పెట్టించండి.

జరుపుడు కిటికీలు వద్దు. రెండు అద్దాల్లో ఒకటి ఎప్పుడూ అడ్డమే, ఆరడుగుల కిటికీ పెట్టినా తెరుచుకునేది మూడడుగులే. రెక్కల కిటికీ అయితే మొత్తం తెరుచుకుంటుంది.

నీటి కూలరు మీద కూడా ఆశ పెట్టుకోకండి. వడగాలి వీచే పొడి మధ్యాహ్నం బాగా పనిచేస్తుంది, సముద్రపు గాలి రాగానే తేమ పెరిగి ఉక్క రెట్టింపవుతుంది. ఆ వేళ తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ మోటారు ఫ్యాను మేలు. పాత ఫ్యాను 75 వాట్లు తింటే ఇది 30 వాట్ల చుట్టుపక్కలే వాడుతుంది. ఇంకో సంగతి, జూన్ రాగానే చల్లబడుతుందని తెలంగాణ వాళ్ళ లెక్క వేసుకోకండి. నైరుతి గాలి కనుమలు దాటి మన దగ్గరకు పొడిగా చేరుతుంది, మనకు అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. జూన్, జూలైల్లోనూ ఎండ కాస్తూనే ఉంటుంది. కప్పు మీద పెట్టిన ఖర్చు ఏటా ఆరు నెలలు అక్కరకొస్తుంది.

ఇది చదువుతున్నవారిలో రేకుల ఇళ్ళలో ఉంటున్నవాళ్ళు, రొయ్యల చెరువుల దగ్గర రేకుల షెడ్లలో కూలీలను ఉంచుతున్నవాళ్ళు ఉంటే వారికీ ఇదే చెబుతున్నాను. రేకు మీద తెల్ల పెయింటు వేసి, అరడుగు ఎడం వదిలి తాటాకు కప్పి తాళ్ళతో బిగించండి. తాటాకుకు నిప్పు భయం ఉంది, పొయ్యి దూరంగా ఉండాలి. చేతిలో ఉన్న కొద్ది డబ్బుతో ఈ ఎండలో మనుషులకు చేయగలిగిన పెద్ద మేలు ఇది.

మీ ఇంటికి నేనైతే ఇలా చేయిస్తాను. గోడలు ఫ్లైయాష్, పడమటి గోడ రెండు పొరలు, శ్లాబు మీద రెండంగుళాల ఎక్స్‌పీఎస్, ఆపైన తెల్ల టైల్స్. చేతిలో డబ్బు తగ్గితే ముందు ఎక్స్‌పీఎస్ ఆపి తెలుపు మాత్రం వేయించండి, పడమటి గోడను ఆపకండి, ఎందుకంటే అది తరువాత మార్చుకోలేరు. మీ స్థలానికి పడమర పక్కన ఇల్లు ఉందా, ఖాళీనా, వాకిలి ఎటు వస్తోంది అన్న రెండు విషయాలు రాయండి. పక్కన రెండంతస్తుల ఇల్లుంటే దాని నీడే సరిపోవచ్చు, అప్పుడు ఆ రెండో పొర ఖర్చు కూడా మిగులుతుంది.